తొమ్మిదో నంబరు పొలం గడ్డి

ఎమిరేట్స్ దేశంలో అల్ ఐన్ ఊరు దాటి దక్షిణం దిక్కు నలభై నిమిషాలు పోతే ఇసుక దిబ్బల నడుమ ఒక డెయిరీ ఉండేది. మూడు వేల ఆవులు. వాటి కొట్టాల నిండా పెద్ద పెద్ద ఫ్యాన్లు, ఫ్యాన్ల ముందు సన్నటి నీటి తుంపర. ఆగస్టు నెలలో బయట నలభై ఎనిమిది డిగ్రీలు మండుతున్నా ఆవులు హాయిగా పడుకుని నెమరు వేసుకునేవి. మా గదుల్లో ఏసీలు మాత్రం రోజు విడిచి రోజు ఆగిపోయేవి.

"వచ్చే జన్మ అంటూ ఉంటే ఈడనే ఆవుగా పుట్టాలప్పా," అనేవాడు మీరావలి.

నా పేరు గంగారాజం. మాది జగిత్యాల దగ్గర పల్లె. 2022లో నేను ఆ డెయిరీలో గడ్డి గోదాం చూసుకునేవాణ్ని. అమెరికా నుంచి కంటెయినర్లలో వచ్చే ఎండు గడ్డిని దించి, పేర్చి, రోజుకు రెండుసార్లు దాని వేడి చూడాలి. యంత్రంతో అదిమి కట్టిన గడ్డి బేళ్లు అవి. ఒక్కోటి అరటన్ను బరువు. లోపల కాస్త తడి ఉన్నా అది తనలో తానే ఉడుకుతుంది. కనిపెట్టకపోతే ఒకరోజు దానంతట అదే అంటుకుంటుంది. అందుకని మనిషంత పొడుగున్న ఇనుప కడ్డీ ఒకటి నా చేతికిచ్చారు. బేలులో గుచ్చితే పైనున్న ముల్లు లోపలి వేడి చెబుతుంది.

మీరావలిది రాయచోటి వైపు. నాకంటే పదేళ్లు పెద్ద, యాభై రెండు దాటాయి. బేళ్ల తాళ్లు కోసి, దాణా కలిపే మిక్సర్ బండికి అందించడం అతని పని. ముందు కువైట్, తర్వాత ఇక్కడ, మొత్తం పంతొమ్మిదేళ్లు. మధ్యలో కరోనా వచ్చి విమానాలు కూడా ఆగడంతో నాలుగేళ్లుగా ఇంటి ముఖం చూడలేదు. ముగ్గురు పిల్లలు. చిన్నవాడు షాహుల్‌కు గడ్డం రావడం కూడా ఫోన్లోనే చూశాడు.

"ముగ్గుర్ని కన్నా గానీ రాజం, ఒక్కర్ని కూడా సరిగ్గా ఎత్తుకొని తిప్పలేదు," అన్నాడు ఒకసారి. రొట్టె తింటూ మామూలుగా అన్నాడు. నాదీ అదే బతుకు.

జూలై ఆఖర్లో కొత్త గడ్డి దిగింది. ఆకు రాలని, పచ్చదనం పోని మేలు రకం అల్ఫాల్ఫా. ఏ పొలంలో కోసిందో చెప్పే తెల్ల చీటీ ప్రతి బేలుకూ ఉంటుంది. నాలుగు కంటెయినర్ల సరుకు మీద ‘ఫీల్డ్ 9’ అని ఉంది. దాన్ని గోదాం చివర ఉత్తరం గోడ వైపు విడిగా పేర్చాం. వరుసల మధ్య మనిషి దూరేంత సందులు వదిలాం.

మర్నాడు పొద్దున కడ్డీ గుచ్చి చూశాను. మిగతా బేళ్లలో నలభై రెండు, నలభై మూడు. తొమ్మిదో నంబరు బేళ్లలో పంతొమ్మిది. ముల్లు పాడైందనుకుని వేరే బేలులో గుచ్చాను, నలభై రెండు. మళ్లీ ఇక్కడ గుచ్చాను, పద్దెనిమిది. బయటికి లాగితే కడ్డీ మీద సన్నగా చెమట పట్టి ఉంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టు.

స్టోర్స్ ఆఫీసులో వేణుగోపాలరావు గారికి చెప్పాను. కాకినాడ మనిషి, చదువుకున్నవాడు, మాతో నెమ్మదిగా మాట్లాడేవాడు.

"వేడెక్కితే కదయ్యా మనకు భయం. చల్లగా ఉంటే సంతోషించు," అని నవ్వాడు.

సంతోషించాం కూడా. వేసవిలో పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నియమం. ఆ రెండున్నర గంటలు మా గదుల్లో నరకం. మూడో రోజు మీరావలి చాప చంకన పెట్టుకుని గోదాంలోకి పోయాడు. తొమ్మిదో నంబరు బేళ్ల సందులో చాప పరిచి, గడ్డికి వీపు ఆనించి పడుకున్నాడు. మూడింటికి కళ్లు నులుముకుంటూ వచ్చాడు.

"ఊటీలో పండుకున్నట్టు ఉండాదప్పా. రేపు నువ్వూ రా."

మర్నాడు నేనూ పోయాను. గోదాంలో కిటికీలు లేవు. షట్టర్ సగం దించితే లోపల మసక చీకటి. గడ్డి వాసన, దుమ్ము వాసన, పైన రేకులు ఎండకు టప్ టప్ మని సాగే చప్పుడు. ఆ సందులోకి అడుగు పెట్టగానే చెమట ఆరిపోయింది. గడ్డికి వీపు ఆనించగానే ఒళ్లు జల్లుమంది. ఎన్నాళ్ల తర్వాతో అంత చల్లదనం. క్షణంలో నిద్ర పట్టింది.

ఎందుకు మెలకువ వచ్చిందో తెలియదు. వాసన మారింది. తడిసిన ఉన్ని కంబళి వాసన... కట్టెల పొగ వాసన. మా దగ్గర కంబళ్లూ లేవు, కట్టెలూ లేవు. మీరావలి గురక పెడుతున్నాడు. ఆ గురక ఆగిన ప్రతిసారీ ఇంకో ఊపిరి వినిపిస్తోంది. చిన్నది. త్వరత్వరగా తీసే ఊపిరి. జ్వరం వచ్చిన పిల్లలు తీసేలాంటిది. అది నా వీపు వెనకనుంచి వస్తోంది... గడ్డి లోపలనుంచి.

లేచి బయటికి వచ్చేశాను. ఆ ఎండ ఒంటికి తగిలితే ప్రాణం లేచి వచ్చింది.

మీరావలికి చెప్తే తల ఊపాడు. "నాక్కూడా మొదటి రోజే తెలిసింది. ఇద్దరున్నారు. ఒకటి ఆడబిడ్డ, ఇంకా ముద్దుముద్దు మాటలే."

"ఏమంటున్నవ్ వలి భాయ్? గడ్డిల పిల్లలేంది?"

"నాకేం తెలుసు. ఏందో గుసగుసలు. మనకు అర్థంగాదు. కానీ పిల్లోళ్లు చలికి ఏడిస్తే ఏ బాషైతే ఏంది రాజం?"

ఆ మాట అన్నప్పుడు అతని కళ్లలో భయం లేదు. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

తర్వాత నేను అటు పోలేదు. కడ్డీ గుచ్చడానికి మాత్రం తప్పేది కాదు. ముల్లు రోజూ దిగుతూనే ఉంది. పద్నాలుగు. తొమ్మిది. ఐదు. మీరావలి మాత్రం ఒక్క మధ్యాహ్నం మానలేదు. వెళ్లేటప్పుడు ఖర్జూరాలు, బిస్కెట్ ప్యాకెట్ జేబులో వేసుకునేవాడు. తన దుప్పటి తీసుకెళ్లి ఆ బేళ్ల మీద కప్పాడు. మనిషి తగ్గిపోతున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. అంత ఎండలోనూ రెండు చొక్కాలు వేసుకోవడం మొదలుపెట్టాడు.

ఒకరోజు తాళ్లు కోస్తూ కత్తి జారవిడిచాడు. చెయ్యి చూస్తే మూడు వేళ్ల కొసలు నల్లగా, గట్టిగా, కొయ్యముక్కల్లా ఉన్నాయి. గిల్లినా తెలియలేదు. క్లినిక్‌కు తీసుకుపోయాను. డాక్టరు ఆ వేళ్లను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"ఇతను కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాడా?" అని అడిగాడు హిందీలో.

కాదు, గడ్డి పని అన్నాను.

"ఇది మంచులో ఒళ్లు గడ్డకట్టి తగిలే దెబ్బ. నేను ఈ దేశంలో ఇలాంటిది చూడలేదు," అని మందు రాసిచ్చాడు.

ఆ సాయంత్రం నేనే వేణుగోపాలరావు గారి దగ్గరికి పోయి మొత్తం చెప్పాను. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. సొరుగులోంచి ఆ సరుకుతో వచ్చిన రంగుల కరపత్రం తీశాడు. గడ్డి పండించిన వ్యవసాయ క్షేత్రం గురించి గొప్పగా అచ్చు వేశారు. అందులో ఒక పాత ఫొటో. మట్టిగడ్డలతో కట్టిన గుడిసె ముందు పొడుగాటి గడ్డపు మనిషి కుర్చీలో కూర్చున్నాడు. పక్కన భార్య, ముందు ఒక పిల్ల, పిల్లవాడు, భార్య ఒడిలో చంటిది.

"ఎజ్రా పెల్టన్. అమెరికాలో ఐడహో అనే చోట మొట్టమొదట నాగలి పెట్టినవాళ్లలో ఒకడు," అన్నాడు రావు గారు. "నువ్వు చల్లదనం గురించి చెప్పినప్పటి నుంచి నాకూ మనసులో అదోలా ఉందయ్యా. నెట్‌లో వెతికితే ఆ జిల్లా పాత కుటుంబాల గురించి ఒక పేజీ దొరికింది. కూర్చో."

ఆయన చదివి చెప్పింది నాకు ఇప్పటికీ మాట పొల్లు పోకుండా గుర్తుంది.

ఎజ్రా ఎద్దుల బండి మీద భార్య మార్తాతో నాలుగు నెలలు ప్రయాణం చేసి అక్కడికి చేరాడు. చెట్టు లేదు, పొరుగు లేదు. గడ్డి నేలను గడ్డలుగా కోసి ఇల్లు కట్టుకున్నాడు. నలభై అడుగుల బావి ఒక్కడే తవ్వాడు. మొదటి ఏడు పంటను మిడతలు తిన్నాయి, రెండో ఏడు కరువు. మూడో ఏడు గానీ గింజ చేతికి రాలేదు. ముగ్గురు పిల్లలు పుట్టారు. పెద్దది రూత్. తర్వాత సైలస్. చివర నెల్. నెల్ పుట్టిన రెండేళ్లకు మార్తా జ్వరంతో పోయింది. అప్పటి నుంచి పిల్లల్ని ఇంట్లో వదిలి పోలేక, పొలానికి పోయినా వెంటే తిప్పుకునేవాడు.

ఒక జనవరి పొద్దున వాతావరణం తెరిపిగా ఉంది. పశువులకు మేత తేవడానికి దూరపు పొలంలోని గడ్డివాము దగ్గరికి ముగ్గుర్నీ తీసుకుపోయాడు. రూత్‌కు పదకొండు, సైలస్‌కు ఎనిమిది, నెల్‌కు నాలుగు. గడ్డి ఎత్తుతుండగా మంచు తుఫాను మీద పడింది. చెయ్యి చాపితే చెయ్యి కనపడనంత తెలుపు. బండి గుర్రాలు బెదిరి పారిపోయాయి. పిల్లలు నడవలేరు. వాములో గుహలాగా తొలిచి ముగ్గుర్నీ లోపల కూర్చోబెట్టి, గడ్డి కప్పి ఒక మాట చెప్పాడు. నేను పోయి మంచు మీద జారే బండి తెస్తాను. వచ్చి ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలుస్తాను. పిలిచేదాకా కదలకండి.

"మరి రాలేదా సార్?"

"రాలేకపోయాడు. పొరుగువాళ్ల కంచె దగ్గర పడిపోయాడు. వాళ్లు లోపలికి లాక్కుని పొయ్యి ముందు పడుకోబెట్టారు. రెండు రాత్రులు స్పృహ లేదు. ఒక పాదం తీసేయాల్సి వచ్చింది." రావు గారు ఆగాడు. గొంతు తగ్గించాడు. "ఆ పొరుగింటావిడ తన చెల్లెలికి రాసిన ఉత్తరం ఇందులో పెట్టారు. ఏం రాసిందంటే... ‘ఎజ్రా మా పొయ్యి ముందు మాట లేకుండా పడి ఉన్నాడు. కానీ రాత్రంతా బయట తుఫానులో అతని గొంతే వినిపించింది. రూత్... సైలస్... నెల్... అని పిలుస్తూనే ఉంది. నేనూ మా ఆయనా ఇద్దరం విన్నాం. ఆయన తలుపు తీయబోతే నేను తీయనివ్వలేదు.’"

రావు గారు ఆ పేజీ ఇంకాస్త కిందికి జరిపాడు.

"పిల్లలు?" అన్నాను.

"చిన్నవాళ్లిద్దరూ వాములోనే దొరికారు, ఒకర్నొకరు పట్టుకుని. పెద్దమ్మాయి బయటికి వచ్చింది. వాముకు రెండు వందల అడుగుల దూరంలో కూర్చుని ఉంది. ఎవరికో ఆనుకున్నట్టు పక్కకు ఒరిగి. అక్కడ ఆనుకోడానికి ఏమీ లేదయ్యా."

వాము ఉన్నచోటే వాళ్లను పూడ్చి, ఎజ్రా చుట్టూ కంచె వేశాడట. మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు, ముసలివాడై చనిపోయాడు. కానీ ఆ మూల మళ్లీ నాగలి పెట్టనివ్వలేదు. మనవలు, మునిమనవలు కూడా ఆ మాట నిలబెట్టారు. రెండేళ్ల కింద పొలం ఎవరో కొన్నారు. కంచె తీసేసి దున్నారు. ఆ మూలకు కొత్తగా నంబరు వేశారు. తొమ్మిది.

ఆ రాత్రి మీరావలికి ఇదంతా చెప్పాను. వింటాడనీ, అటు పోవడం మానేస్తాడనీ. అతను కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"ఇప్పుడు తెలిసింది," అన్నాడు. "రోజూ రెండు గంటలప్పుడు ఆ కొసన ఎవరో నడుస్తారు. కర్ర్... కర్ర్... అని. ఉప్పు మీద నడిచినట్టు. ఏందో పిలుస్తారు. అంతే, పిల్లోళ్లిద్దరూ ఊపిరి బిగబడతారు. నా చెయ్యి పట్టుకుంటారు. నేను వాళ్ల నాయన అనుకున్నా. నాయన పిలిస్తే పిల్లోళ్లు అంతగా భయపడతారా? అది నాయన కాదు రాజం. నాయన గొంతుతో పిలిచేది ఇంకేందో."

"వద్దు భాయ్. నీకు దండం పెడతా. ఇగ ఆడికి పోకు."

"పోకుంటే వాళ్ల చెయ్యి ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు.

రెండు రోజుల తర్వాత మేం ముదీర్ అని పిలిచే అరబ్బు మేనేజరు గోదాంకు వచ్చాడు. తొమ్మిదో నంబరు గడ్డి మేలుగా ఉంది, రేపటి నుంచి అదే వేయండి అన్నాడు. అంటే తాళ్లు కోసి మిక్సర్ బండిలో పడేయడం. లోపల మనిషి పొడుగు కత్తులు తిరుగుతుంటాయి, ఎంత గడ్డి అయినా రెండు నిమిషాల్లో పొట్టు. మీరావలి ముఖం పాలిపోయింది. "ముదీర్, ఒక్క వారం ఆగండి," అని బతిమాలాడు. ముదీర్‌కు అర్థం కాలేదు. "యల్లా యల్లా," అని తొందరపెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దుటి నుంచే గాలి. పదకొండుకల్లా ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. పన్నెండున్నరకు దుమ్ము తుఫాను డెయిరీని మింగేసింది. మిట్టమధ్యాహ్నం చీకటి. మనుషులంతా గదుల్లోకి పరిగెత్తారు. నేను తలలు లెక్కపెట్టాను. మీరావలి లేడు.

ముఖానికి తుండు చుట్టుకుని గోదాంకు పోయాను. షట్టర్ మోకాలెత్తు తెరిచి ఉంది. కింద నుంచి దూరాను.

"వలి భాయ్..."

లైట్లు ఒకసారి మిణుకుమని ఆరిపోయాయి. కరెంటు పోయింది. ఫోన్ వెలుగు పట్టుకుని వరుసల మధ్య నడిచాను. నోట్లోంచి పొగ వస్తోంది. నా ఊపిరే... పొగలా. పైనుంచి దుమ్ము రాలుతోంది అనుకున్నాను. చెంప మీద పడింది. కరిగింది.

ఉత్తరం గోడ దగ్గర సందులో మీరావలి మోకాళ్ల మీద ఉన్నాడు. కత్తితో తాళ్లు కోసి, రెండు చేతులతో గడ్డి పీకుతున్నాడు. కట్టు ఊడిపోయింది. నల్లటి వేళ్లు.

"లైటు ఆర్పు," అన్నాడు నా వైపు చూడకుండా.

"పోదాం పా భాయ్. చాలు."

"ఆర్పు రాజం. అది వచ్చింది."

ఆర్పేశాను. ఎందుకు ఆర్పానో తెలియదు. అతని గొంతు అలా ఉంది. పక్కన కూలబడ్డాను. గడ్డి మంచుగడ్డలా తగిలింది. తడి కంబళి వాసన... కట్టెల పొగ...

కర్ర్.

గోదాం ఆ చివరన.

కర్ర్... కర్ర్... ఆగింది. ఏదో బేలులోకి సర్రుమని దిగిన చప్పుడు. కడ్డీ గుచ్చితే వచ్చే చప్పుడే. మళ్లీ అడుగులు. మళ్లీ సర్రు. ఒక్కో బేలునూ పొడిచి చూస్తూ వస్తోంది.

తర్వాత పిలిచింది. మగగొంతు. అలసిన, ప్రేమ నిండిన గొంతు.

"రూ...త్."

ఎవరూ పలకలేదు.

"సైలస్... నెల్..."

నా పక్కన గడ్డిలో చిన్న వణుకు. అంతే. మీరావలి నా చెవి దగ్గర నోరు పెట్టాడు.

"పలకద్దు. ఏం విన్నా పలకద్దు."

అడుగులు మా వరుస మొదట్లో ఆగాయి. చాలాసేపు ఏమీ లేదు. బయట గాలి రేకుల్ని కొడుతోంది. పోయిందేమో అనుకున్నాను.

"నాయనా..."

తెలుగు. ఏడెనిమిదేళ్ల పిల్లవాడి గొంతు.

"నాయనా, నేను షాహుల్‌ని. బడి గేటు కాడ ఉండా. అందరూ పోయినారు. ఒక్కణ్ణే ఉండా. వచ్చి ఎత్తుకో నాయనా..."

మీరావలి ఒళ్లు కొయ్యబారింది. అతని చొక్కా గట్టిగా పట్టుకున్నాను. షాహుల్‌కు ఇరవై రెండేళ్లు. అతనికీ తెలుసు. అతనే నాకు పలకద్దన్నాడు. అయినా ఆపుకోలేకపోయాడు.

"వస్తాండా కొడకా," అన్నాడు.

గుడ్డ చిరిగిన చప్పుడు. నా పిడికిట్లో చొక్కా ముక్క మిగిలింది. అడుగులు... ఒకటి మనిషిది, ఒకటి దానిది... దూరంగా... దూరంగా... తర్వాత నిశ్శబ్దం.

లేవాలనుకున్నాను. ఆ చొక్కా ముక్క పట్టుకుని అక్కడే ఉండిపోయాను. ఎంతసేపు అలా ఉన్నానో. అప్పుడు చీకట్లోంచి పిలుపు వచ్చింది. మీరావలి గొంతు.

"రాజం! దొరికినారప్పా పిల్లోళ్లు. రా. ఇంటికి పోదాం రా."

ఎంత సంతోషం ఆ గొంతులో. పలకడానికి నోరు తెరిచాను.

ఒక చెయ్యి నా నోరు మూసింది.

చిన్న చెయ్యి. నా అరచేతిలో సగం కూడా ఉండదు. మంచుకన్నా చల్లన. వెనక, గడ్డి లోపలనుంచి వచ్చింది. ఇంకో చెయ్యి, కాస్త పెద్దది, నా మణికట్టు పట్టుకుంది. చెవి వెనక త్వరత్వరగా ఊపిరి.

"రాజం... ఏం రా, వినపళ్లేదా? రాజం..."

పిలుస్తూనే ఉంది. ఆ గొంతులో మెల్లమెల్లగా ప్రేమ తగ్గిపోయింది. చివరికి మనిషి గొంతులా కూడా లేదు. నేను ఏడుస్తున్నాను. కన్నీళ్లు చెంపల మీదే గట్టిపడుతున్నాయి. ఆ చిన్న చెయ్యి మాత్రం తీయలేదు.

షట్టర్ పైకి లేచిన చప్పుడుతో ఒక్కసారిగా ఎర్రటి వెలుగు, వేడి లోపలికి కొట్టాయి.

"కౌన్ హై అందర్?" ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అమానుల్లా. పెషావర్ మనిషి, ఆరడుగులు.

నా నోటి మీద ఏమీ లేదు. లేచి పరిగెత్తాను.

మీరావలి షట్టర్‌కు పదడుగుల దూరంలోనే ఉన్నాడు. నేల మీద కూర్చుని పక్కకు ఒరిగి ఉన్నాడు. ఒరగడానికి అక్కడ గోడ లేదు, బేలు లేదు. మీసాల మీద తెల్లగా ఏదో. అమానుల్లా వేలితో తాకాడు. అది నీళ్లయింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి కలిమా చదవడం మొదలుపెట్టాడు.

ఆస్పత్రిలో కాగితం రాశారు. ఎండవేడికి గుండె ఆగి మరణం. ప్రతి ఆగస్టులో రాసే మాటే. ఎవరూ అడగలేదు. అడిగితే నేనేం చెప్పాలి? వేణుగోపాలరావు గారు మాత్రం ఆ కాగితం నకలు తీస్తూ, వేడి అన్న మాట దగ్గర వేలు పెట్టి, నా ముఖం చూసి, తల దించుకున్నాడు.

తొమ్మిదో నంబరు గడ్డిని వారంలో వేసేశారు. నేను ఆ మిక్సర్ దగ్గరికి పోలేదు. ఆవులు తినకుండా వెనక్కి జరిగాయని, మూడు వేల ఆవులూ కొట్టాల గోడలకు ఆనుకుని నిలబడ్డాయని చెప్పుకున్నారు. చివరి రోజు మిగిలిన ఒక బేలులో కడ్డీ గుచ్చి చూశాను. నలభై మూడు. అన్ని బేళ్లలాగే. లోపల ఎవరూ లేరు. ఎటు పోయారో.

మీరావలిని ఇంటికి పంపడానికి పదకొండు రోజులు పట్టింది. కాగితాల పని, ఎంబసీ పని అంతా నేనూ రావు గారూ తిరిగి చేయించాం. పెట్టె మూసే ముందు ఒకసారి చూపించారు. వెల్లకిలా, తెల్లగుడ్డలో, చేతులు రెండు పక్కలా చాపి, పద్ధతిగా పడుకోబెట్టారు. నేను చూస్తుండగానే మేకులు కొట్టారు.

పూడ్చిన రోజు సాయంత్రం షాహుల్ ఫోన్ చేశాడు.

"చిన్నాయనా, అంతా అయిపోయింది."

"మీ నాయన మంచిగ పోయిండు బిడ్డా. బాధ పడలే. ఎండదెబ్బ," అన్నాను.

వెనక ఇంట్లో ఎవరో ఖురాన్ చదువుతున్నారు. ఆడవాళ్ల ఏడుపు. పిల్లాడు తలుపు వేసుకుని మూలకు జరిగినట్టున్నాడు, చప్పుడు తగ్గింది.

"ఒక మాట చిన్నాయనా. అమ్మకు గూడా చెప్పలేదు. పెట్టె నేనే తెరిచినా. మీరు వెల్లకిలా పండబెట్టి పంపినామన్నారు గదా?"

"అవును బిడ్డా. నా కండ్లతోటి చూసిన."

"నాయన అట్ల లేడు. పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకొని ఉండాడు. ఒక చెయ్యి వంచి పెట్టుకొని ఉండాడు, చంటిబిడ్డను పక్కలో పండబెట్టుకున్నట్టు. ఒళ్లంతా మంచుగడ్డ చిన్నాయనా, ముట్టుకుంటే చెయ్యి కాలినట్టుంది. ఆ చెయ్యి వంపులో మాత్రం..."

"ఏముంది షాహుల్?"

"ఏం లేదు. వెచ్చగా ఉండాది, అంతే. ఇప్పుడే ఎవరో లేచి ఇంట్లోకి పోయినట్టు."